హక్కు ఒకరిది, సంతకం మరొకరిది: న్యాయ వ్యక్తిత్వం, హక్కులు పొందే అర్హత

మీ ఊళ్లో పాత గుడి ఉండి, దానికి మాన్యం భూమి ఉంటే, అడంగల్‌లోనో పహాణీలోనో ఆ భూమికి ఎదురుగా ఎవరి పేరు రాసి ఉందో ఒకసారి చూడండి. చాలాచోట్ల శ్రీ వేణుగోపాలస్వామి వారు అనో, శ్రీ రామలింగేశ్వరస్వామి వారు అనో దేవుడి పేరే కనిపిస్తుంది. ఆ పొలాన్ని సాగు చేసే రైతు ఏటా కౌలు చెల్లిస్తాడు. కౌలు పత్రం మీద మాత్రం స్వామివారు సంతకం చేయరు. ఆయన తరఫున మరొకరు చేస్తారు.

ఇప్పుడు అదే ఊళ్లో ఇంకొక ఇంటిని ఊహించుకోండి. ఒక రైతు వీలునామా రాయకుండానే చనిపోయాడు. అతను స్వయంగా కొనుక్కున్న భూమి నాలుగు ఎకరాలు ఉంది. ఇంట్లో అతని తల్లి, భార్య, ఆరేళ్ల కూతురు ఉన్నారు. భార్య అయిదో నెల గర్భవతి. దినవారాలు పూర్తయిన వారానికే మృతుడి తమ్ముడు వచ్చి, "వదినా, ఆడవాళ్లు సేద్యం ఏం చేస్తారు, ఆ భూమి నాకు రాసివ్వండి, ధర కట్టి ఇస్తాను" అన్నాడు. తల్లి, భార్య సంతకాలు చేశారు. కూతురి తరఫున కూడా భార్యే సంతకం పెట్టింది. కడుపులో ఉన్న బిడ్డ ప్రస్తావన దస్తావేజులో లేదు.

ఈ రెండు ఉదాహరణలు చూడటానికి ఒకదానికొకటి సంబంధం లేనివిగా కనిపించవచ్చు. కానీ రెండింటిలోనూ ఉన్న చిక్కు ఒక్కటే. హక్కు కలిగి ఉండటం వేరు, ఆ హక్కును తానే వినియోగించుకోగలగడం వేరు. మొదటిదాన్ని హక్కులు పొందే అర్హత అంటారు. రెండోదాన్ని వ్యవహరించే అర్హత అంటారు. మొదటిది ఉండి రెండోది లేనప్పుడు ఆ ఖాళీలో ఒక ప్రతినిధి వచ్చి నిలబడతాడు. ఆ ప్రతినిధి ఎవరు, అతని ప్రయోజనం ఎటువైపు ఉంది అన్నదే ఈ పాఠంలో మనం పదే పదే వేసుకునే ప్రశ్న.

వ్యక్తి అంటే ఎవరు?

వాడుక భాషలో మనిషి, వ్యక్తి అనే మాటలకు పెద్ద తేడా లేదు. న్యాయశాస్త్రంలో ఉంది. హక్కులకు, బాధ్యతలకు ఆధారంగా చట్టం ఎవరిని గుర్తిస్తుందో వారే న్యాయ వ్యక్తి. 1897 నాటి జనరల్ క్లాజుల చట్టం సెక్షన్ 3(42) ప్రకారం వ్యక్తి అనే పదంలో కంపెనీలు, సంఘాలు, వ్యక్తుల సముదాయాలు కూడా చేరతాయి. అంటే మనిషి కానివారు వ్యక్తి కావచ్చు. దీనికి విపర్యయం కూడా చరిత్రలో జరిగింది. మనిషి అయి ఉండి కూడా వ్యక్తి కాకపోవడమే అది.

బానిసత్వం దానికి తిరుగులేని ఉదాహరణ. మన దేశంలో 1843 నాటి 5వ చట్టం బానిసత్వం నుంచి పుట్టే ఏ హక్కునూ కోర్టులు అమలు చేయరాదని చెప్పింది. అందులోనే మరో నిబంధన ఉంది. ఒక మనిషి తన కష్టంతో సంపాదించుకున్న ఆస్తిని, అతడు బానిస అన్న కారణంతో ఎవరూ లాక్కోరాదు. చాలామంది ఈ రెండో నిబంధనను చదవకుండా వదిలేస్తారు. మన అంశానికి అదే ముఖ్యం. ఆస్తి తనది అని చెప్పుకోగలగడమే వ్యక్తిత్వానికి మొదటి ఆనవాలు అని ఆ చట్టం గుర్తించింది.

అర్హత ఉండటం, లేకపోవడం అనే రెండు స్థితులే కాదు, అర్హతను కుదించడం కూడా ఉంటుంది. పాత హిందూ న్యాయంలో భర్త ఆస్తి వితంతువుకు వచ్చినా అది ఆమె జీవితకాలానికి పరిమితమైన హక్కుగానే ఉండేది. న్యాయపరంగా అవసరమైన సందర్భాల్లో తప్ప ఆమె దాన్ని అమ్మలేదు. ఆమె తర్వాత అది భర్త వారసులకు వెళ్లేది. 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 14 ఆ పరిమిత హక్కును సంపూర్ణ హక్కుగా మార్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు కల్పించే విషయంలో ఆంధ్రప్రదేశ్ కేంద్రం కంటే ముందే నడిచింది. 1986లో చేసిన రాష్ట్ర సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. దేశమంతటికీ అటువంటి హక్కు రావడానికి 2005 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది.

పుట్టకముందే వాటా

సహజ వ్యక్తి అంటే మనిషి. సహజ వ్యక్తిత్వం సజీవ జననంతో మొదలవుతుంది, మరణంతో ముగుస్తుంది. ఇది సాధారణ సూత్రం. దీనికి మినహాయింపు గర్భస్థ శిశువు. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 20 ప్రకారం, వీలునామా లేకుండా ఒకరు చనిపోయే నాటికి గర్భంలో ఉండి, ఆ తర్వాత సజీవంగా పుట్టిన బిడ్డకు, అంతకుముందే పుట్టిన బిడ్డతో సమానమైన వారసత్వ హక్కు ఉంటుంది. ఆ హక్కు మృతుడు చనిపోయిన తేదీ నుంచే సంక్రమించినట్లు లెక్క.

ఇక్కడ షరతును జాగ్రత్తగా గమనించండి. గర్భంలో ఉన్నంతకాలం అది పూర్తి హక్కు కాదు, కాచుకుని ఉన్న హక్కు. సజీవంగా పుడితే అది వెనక్కి వెళ్లి తండ్రి మరణించిన రోజుకు అతుక్కుంటుంది. మృతశిశువు పుడితే అసలు ఆ హక్కు ఎన్నడూ లేనట్లే.

ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 13 మరొక దారి చూపుతుంది. ఇంకా గర్భంలోనైనా లేని మనవడికి నేరుగా ఆస్తి రాసివ్వడం కుదరదు. ముందు జీవించి ఉన్న ఒకరికి జీవితకాల హక్కు ఇచ్చి, ఆ తర్వాత మిగిలిన హక్కు మొత్తం ఆ పుట్టబోయే వారికి చేరేలా రాయాలి. పుట్టనివారి పేరు మీద ఆస్తి గాలిలో వేలాడకూడదన్నది దీని వెనుక ఉన్న ఆలోచన.

మైనరు: ఆస్తి ఉంటుంది, ఒప్పందం చెల్లదు

1875 మెజారిటీ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండేవరకు మైనరే. మైనరుకు హక్కులు పొందే అర్హతలో లోటేమీ లేదు. వారసత్వంగా ఆస్తి వస్తుంది, కానుకగా వస్తుంది, అతని పేరున స్థలం కొనవచ్చు. లోటంతా వ్యవహరించే అర్హతలోనే. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 11 మైనరును ఒప్పందానికి అర్హుడిగా గుర్తించదు.

దీని ఫలితం ఎంత తీవ్రంగా ఉంటుందో 1903లో ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పిన మొహరీ బీబీ, ధర్మోదాస్ ఘోష్ కేసు చూపుతుంది. కలకత్తాలో ధర్మోదాస్ అనే మైనరు 1895లో తన ఇంటిని ఒక వడ్డీ వ్యాపారికి 20,000 రూపాయలకు తాకట్టు రాసిచ్చాడు. అతను మైనరు అన్న సంగతి రుణదాత పక్షాన పని నడిపిన వ్యక్తికి ముందే తెలుసు. తాకట్టు చెల్లదని మైనరు తరఫున అతని తల్లి దావా వేసింది. దావా నడుస్తుండగా రుణదాత చనిపోగా, ఆయన స్థానంలోకి మొహరీ బీబీ వచ్చింది. మైనరు చేసిన ఒప్పందం రద్దు చేయదగినది మాత్రమే కాదని, మొదటి నుంచీ చెల్లనిదేనని ప్రివీ కౌన్సిల్ తేల్చింది. ఇచ్చిన సొమ్మును తిరిగి ఇప్పించడానికి కూడా ఒప్పుకోలేదు.

రద్దు చేయదగినది, మొదటి నుంచీ చెల్లనిది అనే ఈ రెండు మాటల తేడాను విద్యార్థులు తరచుగా కలిపేస్తారు. మైనరు తానే చేసిన ఒప్పందం మొదటి నుంచీ చెల్లదు. సంరక్షకుడు కోర్టు అనుమతి లేకుండా మైనరు స్థిరాస్తిని అమ్మితే మాత్రం అది రద్దు చేయదగినది. అంటే మైనరు వ్యతిరేకించే వరకు అది నిలబడే ఉంటుంది.

ఈ రెండో సంగతి 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సెక్షన్ 8లో ఉంది. సహజ సంరక్షకులు మైనరు స్థిరాస్తిని అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా, కానుకగా ఇవ్వాలన్నా, అయిదేళ్లకు మించి కౌలుకివ్వాలన్నా ముందుగా కోర్టు అనుమతి పొందాలి. మైనరుకు అవసరమైనప్పుడో, స్పష్టమైన మేలు కనిపించినప్పుడో తప్ప కోర్టు ఆ అనుమతి ఇవ్వకూడదు. అనుమతి లేకుండా అమ్మితే, ఆ మైనరు 18 ఏళ్లు నిండిన తర్వాత మూడేళ్లలోపు దావా వేసి దాన్ని రద్దు చేయించుకోవచ్చు.

కన్నతల్లి సంతకానికి కూడా కోర్టు అనుమతి ఎందుకని మీకు అనిపించవచ్చు. ఇది తల్లి మీద అనుమానం కాదు. భర్త పోయిన వారానికి బావమరదులు, మరుదులు, అప్పులవాళ్లు చుట్టూ చేరినప్పుడు, "కోర్టు అనుమతి లేనిదే నేను సంతకం చేసినా చెల్లదు" అని చెప్పగలగడం ఆమెకు ఒక ఆసరా. సెక్షన్ 8ను తల్లి చేతికి వేసిన సంకెలగా కాక, ఆమె వెనుక కట్టిన గోడగా చదవాలని నా అభిప్రాయం. తల్లి సంరక్షకత్వం విషయంలో 1999లో గీతా హరిహరన్ కేసు కూడా చూడండి. చట్టంలో తండ్రి తర్వాత తల్లి అని ఉన్నచోట, తర్వాత అంటే తండ్రి చనిపోయాక అని మాత్రమే అర్థం కాదని, తండ్రి ఏ కారణం చేతనైనా బాధ్యత వహించని పరిస్థితి కూడా అందులోకి వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది.

కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చినప్పుడు మైనరు నెక్స్ట్ ఫ్రెండ్ ద్వారా దావా వేస్తాడు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 32 ప్రకారం ఆ నెక్స్ట్ ఫ్రెండ్ ప్రయోజనం మైనరు ప్రయోజనానికి విరుద్ధంగా ఉండకూడదు. కోర్టు అనుమతి లేకుండా అతను మైనరు తరఫున రాజీ కుదుర్చుకోకూడదు.

మతిస్థిమితం లేనివారి విషయంలో కాంట్రాక్టు చట్టం సెక్షన్ 12 ఒప్పందం చేసే సమయానికి ఉన్న స్థితినే చూస్తుంది. మామూలుగా మతి చలించి ఉండే మనిషి, నిలకడగా ఉన్న వేళ చేసిన ఒప్పందం చెల్లుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం మరో అడుగు ముందుకు వేసింది. వికలాంగులకు ఇతరులతో సమానంగా ఆస్తి కలిగి ఉండే, వారసత్వం పొందే హక్కు ఉందని సెక్షన్ 13 చెబుతుంది. వారికి సాయపడే మనిషికి, వారికి మధ్య ఒక లావాదేవీలో ప్రయోజనాలు ఢీకొంటే, ఆ లావాదేవీలో సాయపడకుండా తప్పుకోవాలని కూడా అదే సెక్షన్ ఆదేశిస్తుంది. ఆర్డర్ 32లో చూసిన జాగ్రత్తే ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది.

మరణం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఏడేళ్లుగా ఆచూకీ తెలియాల్సినవారికి తెలియకపోతే, ఆ మనిషి బతికే ఉన్నాడని నిరూపించాల్సిన భారం అలా వాదించేవారిపై పడుతుంది. పాత సాక్ష్య చట్టంలోని సెక్షన్ 108 ఇప్పుడు 2023 భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 111 అయింది. శాస్త్రోక్తంగా సన్యాసం స్వీకరించి సంసారాన్ని పూర్తిగా వదిలిన మనిషిని హిందూ న్యాయం పౌర మరణం పొందినవాడిగా చూసింది. శ్వాస ఉన్నా, ఆస్తి విషయంలో అతను లేనట్లే.

కంపెనీ, సంఘం, ఫర్మ్

కృత్రిమ వ్యక్తుల్లో మీకు బాగా తెలిసినది కంపెనీ. 1896లో సాలమన్ కేసులో బ్రిటన్ ప్రభువుల సభ, కంపెనీ వేరు, దాన్ని పెట్టిన మనిషి వేరు అని చెప్పింది. వాటాలు దాదాపుగా అన్నీ అతనివే అయినా ఇదే సూత్రం. దీనివల్ల యజమానికి లాభమే కాదు, నష్టమూ ఉంటుంది. 1925 నాటి మెకౌరా కేసులో ఒక వ్యక్తి తన కలపను తన కంపెనీకి అమ్మి, ఆ కలప మీద బీమాను మాత్రం తన సొంత పేరున ఉంచుకున్నాడు. కలప కాలిపోయింది. కలప కంపెనీది కాబట్టి బీమా సొమ్ము అతనికి రాదని తీర్పు వచ్చింది.

భాగస్వామ్య ఫర్మ్‌కు ఇటువంటి ప్రత్యేక వ్యక్తిత్వం లేదు. ఫర్మ్ అనేది భాగస్వాములందరికీ కలిపి పెట్టిన పేరు మాత్రమే. సహకార సంఘం రిజిస్టరైతే దానికి ప్రత్యేక వ్యక్తిత్వం వస్తుంది. మన రాష్ట్రాల్లో 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన సంఘం తన పేరునే ఆస్తి కొనగలదు, దావా వేయగలదు.

దేవుడి తరఫున ఎవరు?

ఇక మొదట చూసిన మాన్యం భూమికి వద్దాం. ప్రతిష్ఠించిన విగ్రహాన్ని భారతీయ న్యాయస్థానాలు న్యాయ వ్యక్తిగా గుర్తిస్తాయి. 1969లో యోగేంద్రనాథ్ నస్కర్ కేసులో, విగ్రహం ఆదాయపు పన్ను కట్టాల్సిన వ్యక్తి కూడా అవుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. హక్కులతోపాటు బాధ్యతలూ వస్తాయన్నమాట. 2000లో గురు గ్రంథ్ సాహిబ్‌ను కూడా న్యాయ వ్యక్తిగా గుర్తించింది.

ఈ గుర్తింపు ఎందుకు అవసరమో 1925 నాటి ప్రమథనాథ్ మల్లిక్ కేసు చక్కగా చూపుతుంది. కలకత్తాలో ఒక కుటుంబంలో విగ్రహ పూజ అన్నదమ్ములకు వంతులవారీగా వచ్చేది. తన వంతు వచ్చినప్పుడు విగ్రహాన్ని తన ఇంటికి తీసుకుపోతానని ఒకరు పట్టుబట్టారు. అన్నదమ్ములు కోర్టులో పోట్లాడుకున్నారు. మరి విగ్రహం ఎక్కడ ఉండాలో విగ్రహం తరఫున చెప్పేవారెవరు? విగ్రహం ఇల్లు మార్చే సామాను కాదని, దాని అభీష్టాన్ని కూడా గౌరవించాలని ప్రివీ కౌన్సిల్ అభిప్రాయపడింది. ఆ తగాదాలో ఏ ప్రయోజనమూ లేని ఒక నెక్స్ట్ ఫ్రెండ్‌ను విగ్రహం తరఫున నియమించమని ఆదేశించింది. మైనరుకు వాడే మాటనే ఇక్కడా వాడటం యాదృచ్ఛికం కాదు.

ధర్మకర్తే దేవుడి ఆస్తికి ఎసరు పెడితే? 1967లో బిశ్వనాథ్, ఠాకూర్ రాధాబల్లభ్‌జీ కేసులో సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. నిర్వాహకుడు దేవుడి ప్రయోజనానికి విరుద్ధంగా ప్రవర్తిస్తే, ఒక సామాన్య భక్తుడు కూడా దేవుడి తరఫున దావా వేసి ఆస్తిని తిరిగి రాబట్టవచ్చు. 2021లో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన కేసులో, రెవెన్యూ రికార్డులో యజమాని గడిలో దేవుడి పేరే ఉండాలని, పూజారి పేరు యజమానిగా ఉండనక్కర్లేదని చెప్పింది. పూజారి ఆ భూమిని దేవుడి తరఫున చూసుకునే సేవకుడే.

2019 అయోధ్య తీర్పులోని ఒక అంశాన్ని కూడా ఈ దృష్టితో చదవాలి. సుప్రీంకోర్టు బాలరాముడి విగ్రహానికి న్యాయ వ్యక్తిత్వాన్ని గుర్తించింది, జన్మస్థానం అనే భూమికి గుర్తించలేదు. భూమికే వ్యక్తిత్వం ఇస్తే, దానిపై హక్కు ఉందనే ఇతరుల వాదనను సాక్ష్యం చూడకుండానే కొట్టేసినట్లవుతుందన్నది కోర్టు ఆందోళన. వ్యక్తిత్వం ఇవ్వడం ఎప్పుడూ ఉచితంగా జరగదు. ఒకరికి ఇచ్చినప్పుడు మరొకరి హక్కు కుదించుకుపోవచ్చు.

నదుల విషయంలో ఇది ఇంకా స్పష్టంగా బయటపడింది. 2017 మార్చి 20న ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునా నదులను మైనరు స్థాయిలో ఉన్న న్యాయ వ్యక్తులుగా ప్రకటించి, కొందరు అధికారులను వాటికి తల్లిదండ్రుల స్థానంలో నిలిపింది. వరద వచ్చి ఇళ్లు కొట్టుకుపోతే నది తరఫున నష్టపరిహారం ఎవరు కట్టాలి అని రాష్ట్ర ప్రభుత్వం అడిగింది. అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. న్యూజిలాండ్ 2017లోనే వాంగనూయీ నదికి చట్టం చేసి వ్యక్తిత్వం ఇచ్చింది. అక్కడ నది తరఫున మాట్లాడటానికి ఇద్దరిని నియమిస్తారు. ఒకరు ప్రభుత్వం తరఫున, ఇంకొకరు ఆ నదితో తరతరాల బంధం ఉన్న మావోరీల తరఫున. ఆ చట్టం పార్లమెంటులో చర్చించి చేసినది కాబట్టి, ఎవరు మాట్లాడాలన్న ప్రశ్నకు జవాబు ముందే దొరికింది.

అభ్యాసం

ఇప్పుడు పాఠం మొదట్లోని నాలుగు ఎకరాల దస్తావేజును కాగితం మీద లెక్క వేయండి. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 8 ప్రకారం మృతుడి మొదటి తరగతి వారసులు తల్లి, భార్య, కూతురు. సజీవంగా పుడితే గర్భస్థ శిశువు కూడా. మొదటి తరగతి వారసులు ఉండగా తమ్ముడికి వారసుడిగా ఏమీ రాదు. బిడ్డ పుట్టి పెరుగుతోందనుకుందాం. నాలుగు వాటాలు, వాటాకు ఎకరం. తల్లి, భార్య తమ ఎకరాలు తాము అమ్ముకోవచ్చు. కాబట్టి తమ్ముడికి గట్టిగా దక్కేది రెండు ఎకరాలే. కూతురి ఎకరానికి కోర్టు అనుమతి లేదు కనుక ఆమెకు 21 ఏళ్లు వచ్చేదాకా అతని కింద నేల కదులుతూనే ఉంటుంది. నాలుగో ఎకరాన్ని ఎవరూ అమ్మనే లేదు. దస్తావేజులో దాని యజమాని పేరే లేదు.

కవలలు పుడితే అయిదు వాటాలవుతాయి, ఒక్కొక్కరికి 80 సెంట్లు. మృతశిశువు పుడితే మూడే వాటాలు, ఒక్కొక్కరికి ఎకరా 33 సెంట్లకు కొంచెం పైన. మరి మగబిడ్డ పుట్టి, గంటసేపు బతికి చనిపోతే? అతని ఎకరం అతనికి వచ్చేసింది. అతనికి మొదటి తరగతి వారసురాలు తల్లి ఒక్కతే. నాయనమ్మ, అక్క ఆ తరగతిలోకి రారు. కాబట్టి రైతు భార్యకు మొత్తం రెండు ఎకరాలు. అదే ఆడబిడ్డ పుట్టి గంట బతికితే సెక్షన్ 15(2) వర్తిస్తుంది. తండ్రి నుంచి వచ్చిన ఆస్తి తిరిగి తండ్రి వారసులకే వెళుతుంది. నాయనమ్మ, తల్లి, అక్క ముగ్గురికీ సమానంగా పంచితే మళ్లీ ఎకరా 33 సెంట్లే. అంటే బిడ్డ అసలు సజీవంగా పుట్టకపోయినా, ఆడబిడ్డగా పుట్టి గంట బతికినా పంపకంలో తేడా లేదు, మగబిడ్డకు మాత్రం ఉంది. 1956 చట్టం ఇలా ఎందుకు రాసిందో, నేడు అది నిలబడదగినదేనా అన్నది మీ కౌన్సెలింగ్ తరగతిలో చర్చించండి. అమ్మకం జరిగిన నాటికి గర్భవతి అని తెలిసి కూడా ఆ తమ్ముడు కొన్నాడన్న సంగతిని కూడా మీ జవాబులో పరిగణించండి.